గజ్జి మీద క్లాసు చెప్పమన్నారు, పిల్లలు సిగ్గుపడకుండా ఎలా చెప్పాలి?

బెజవాడ_బయాలజీ
సోమవారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక హైస్కూల్లో బయాలజీ చెబుతాను. దసరా సెలవుల తర్వాత బడి తెరిచేసరికి తొమ్మిదో తరగతిలో నలుగురు, ఎనిమిదిలో ఇద్దరు ఒకటే గోక్కోవడం. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర చిన్న చిన్న పొక్కులు. రాత్రయితే దురద ఎక్కువై నిద్ర పట్టడం లేదంటున్నారు. సచివాలయం ఏఎన్ఎం వచ్చి చూసి, గజ్జిలాగే ఉందని అర్బన్ హెల్త్ సెంటర్‌కి పంపింది. అక్కడా అదే తేల్చారు. ఆరుగురిలో ముగ్గురు ఒకే హాస్టల్ పిల్లలు.

హెచ్ఎం గారు ఈ శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో పరిశుభ్రత మీద క్లాసు తీసుకోమన్నారు. చార్టు నా దగ్గర ఉంది. రోజూ స్నానం, గోళ్ళు తీయడం, ఉతికిన బట్టలు. పదకొండేళ్ళుగా అదే చార్టు, అంచులు చిరిగితే టేపు వేసి మరీ వాడుతున్నాను.

ఇవాళ ఆ నలుగురిలో ఒకమ్మాయి స్టాఫ్ రూమ్ దగ్గరికి వచ్చి, "మేడం, నేను రెండు పూటలా స్నానం చేస్తాను. మరి నాకెందుకొచ్చింది?" అంది. నాకు జవాబు తోచలేదు. ఇంకో అబ్బాయిని క్లాసులో 'గజ్జి కుక్క' అని పిలుస్తున్నారట, గురువారం నుంచి బడికే రావడం లేదు. ఆ చార్టు పట్టుకుని వాళ్ళ ముందు నిలబడాలంటే నాకే మొహమాటంగా ఉంది. ఎవరైనా ఇలాంటి క్లాసు చెప్పి ఉంటే చెప్పండి.


వన్‌టౌన్_కుర్రాడు
సోమవారం, రాత్రి 9:31

మేడమ్, తప్పుగా అనుకోకండి. ఒళ్ళు సరిగ్గా రుద్దుకోని వాళ్ళకే వస్తాయి ఇవి. మా ఇంట్లో ఏడుగురం, ఇంతవరకూ ఒక్కరికి రాలేదు. సబ్బు, వేడినీళ్ళు, అంతే. ఆ అమ్మాయి రెండు పూటలా చేస్తానని చెప్పడం వేరు, చేయడం వేరు.


కాలువగట్టు
సోమవారం, రాత్రి 10:05

తమ్ముడూ, నీకు రాలేదు కాబట్టి వచ్చిన వాళ్ళంతా మురికి వాళ్ళు అనేస్తే ఎలా?

నేను ఏడో తరగతి నుంచి పది దాకా గుంటూరు దగ్గర ఒక హాస్టల్లో ఉన్నా. ఒకే హాలు, అరవై మంది, చాప పక్కన చాప. చలికాలం దుప్పటి లేనివాడు ఉన్నవాడి దుప్పట్లో దూరేవాడు. పొద్దున గంటసేపు పంపు. ఆ గంటలో అరవై మందికి స్నానాలు, బట్టలు, అన్నీ. అయినా స్నానం మానిన రోజు నాకు గుర్తులేదు, మానితే వార్డెన్ బెత్తం ఉండేది.

ఏడోక్లాసులో ఏడుగురికి వచ్చింది, నాతో కలిపి. వరండాలో వరసగా నిలబెట్టి అందరికీ చూపించారు. మా కంచాల అడుగున ఎర్ర పెయింటుతో చుక్క పెట్టారు, కలిసిపోకుండా. తెల్లటి లోషన్ ఒకటి తెచ్చి రాశారు. గోకిన చోట అది పడితే, గుంటూరోణ్ణి కాబట్టి ఇలా చెబుతా, పచ్చి గాయం మీద మిరప్పొడి జల్లినట్టే. మా ఏడుగురికీ తగ్గింది. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది, ఈసారి ఇరవై మందికి పైనే.

ఎందుకంటే మొదటిసారే ఇంకా కొందరికి ఉంది. వరండాలో మా అవతారం చూశాక ఎవడు చెబుతాడు? ఆ ఏడాది మా హాలు మొత్తం నేర్చుకున్న విద్య ఒక్కటే, చేతులు నిక్కరు జేబుల్లో పెట్టుకోవడం.

మేడమ్ గారూ, ముందు ఆ రాని అబ్బాయి ఇంటికి ఎవరైనా వెళ్ళండి. క్లాసు సంగతి తర్వాత.


పీజీ_డెర్మా_గుంటూరు
సోమవారం, రాత్రి 11:48

డ్యూటీ అయి ఇప్పుడే చూశాను. చర్మవ్యాధుల్లో పీజీ చేస్తున్నా. టీచర్ గారూ, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నతోనే క్లాసు మొదలుపెట్టండి, అంతకంటే మంచి మొదలు దొరకదు.

గజ్జికి కారణం ఒక పురుగు. సార్కోప్టిస్ స్కేబీ. అర మిల్లీమీటరు కూడా ఉండదు, కంటికి దాదాపు ఆనదు. ఆడపురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ రోజుకి రెండు మూడు గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో అవి పొదుగుతాయి, రెండు వారాల్లోపు పెద్దవవుతాయి. సొరంగంలో ఉన్నదాన్ని సబ్బు ఏం చేస్తుంది? పైన కడుక్కుంటూ పోవడమే. రెండు పూటలు కాదు, నాలుగు పూటలు స్నానం చేసినా దాని పని దానిదే.

రెండో సంగతి, పెద్దవాళ్ళకి కూడా తెలియనిది. మొదటిసారి సోకినప్పుడు దురద వెంటనే రాదు. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఆ పురుగు మీద, దాని రెట్ట మీద మన ఒంటికి అలర్జీ పుట్టాలి కదా. ఈ లోపు దురద లేని మనిషి నుంచే ఇంకొకరికి వెళ్ళిపోతుంది. అంటే దసరా తర్వాత గోక్కుంటున్న మీ పిల్లలకి అది అంటింది వినాయక చవితి రోజుల్లో. ఇవాళ హాయిగా ఉన్న వాళ్ళ పక్క మంచం పిల్లలకి దీపావళికి బయటపడొచ్చు. కాలువగట్టు గారి హాస్టల్లో జరిగింది ఇదే. దాచుకున్నవాళ్ళు కొందరైతే, తమకి ఉందని తమకే తెలియని వాళ్ళు ఇంకొందరు.

కాబట్టి వైద్యం దురద ఉన్నవాళ్ళకి కాదు, కలిసి పడుకునే వాళ్ళందరికీ ఒకే రాత్రి.


వన్‌టౌన్_కుర్రాడు
మంగళవారం, ఉదయం 7:20

సరే డాక్టర్ గారూ, ఒప్పుకున్నా. మరి స్నానం, గోళ్ళు అని ఊదరగొట్టడం ఎందుకు? చార్టు చింపేయమంటారా?


పీజీ_డెర్మా_గుంటూరు
మంగళవారం, మధ్యాహ్నం 2:10

చింపొద్దు, వాటి అసలు పని వేరే ఉంది.

గజ్జి ఒంటరిగా ఉంటే దురదే. దాన్ని గోకితే చర్మం చిట్లుతుంది. గోళ్ళ కింద ఉన్న బాక్టీరియా ఆ చిట్లిన చోట దిగుతుంది. చీము పొక్కులు, తేనెరంగు పక్కులు కట్టేది అందుకే. అందులో స్ట్రెప్టోకాకస్ అనే రకం ఉంటే, కొద్ది వారాల తర్వాత కొందరు పిల్లలకి కిడ్నీలు వాస్తాయి. పొద్దున లేచేసరికి మొహం ఉబ్బరం, మూత్రం కోకాకోలా రంగు. దురదే కదా అనుకున్న పిల్ల వార్డులో చేరుతుంది. గోళ్ళు కత్తిరించమనేది ఇందుకు. స్నానం కూడా ఇందుకే, పుండ్లు శుభ్రంగా ఉండటానికి.

చీము పొక్కులకి, తామరకి, కాలివేళ్ళ మధ్య పాసిపోవడానికి శుభ్రత బాగా పనిచేస్తుంది. ఎవరి తువ్వాలు వాళ్ళది, ఒళ్ళు తుడుచుకుని ఆరాక బట్టలు, తడి సాక్సులు మళ్ళీ వేసుకోకపోవడం. గజ్జి దగ్గరికి వచ్చేసరికి మాత్రం శుభ్రత ఒక్కటే సరిపోదు. ఈ రెండూ విడదీసి చెబితే పిల్లలకి అర్థమవుతుంది. కలిపి చెబితే 'నీకు వచ్చింది కాబట్టి నువ్వు మురికి' అని మిగులుతుంది.


రిటైర్డ్_పంతులు
మంగళవారం, సాయంత్రం 5:36

అమ్మాయ్, నేను గుంటూరు జిల్లాలో ముప్పై నాలుగేళ్ళు సైన్సు చెప్పి రిటైరయ్యాను. మా చిన్నతనంలో గంధకం నూరి కొబ్బరినూనెలో కలిపి రాసేవారు. మూడు రోజులు ఆ కంపుతో బడికి వెళ్ళేవాళ్ళం, మా బెంచీ ఎప్పుడూ ఖాళీయే! వేపాకు, పసుపుకొమ్ము నూరి పెట్టడం సరేసరి. వాటి గురించి డాక్టరు గారు ఏమంటారో.

క్లాసులో వాడుకోవడానికి ఒక కబురు. సూక్ష్మదర్శినితో కారణం పట్టుకున్న తొలి జబ్బుల్లో గజ్జి ఒకటి. 1687లో ఇటలీలో బొనోమో అనే వైద్యుడు, చెస్టోని అనే మందుల తయారీదారు కలిసి, ఆ పొక్కుల నుంచి తీసిన పురుగుని సూక్ష్మదర్శిని కింద పెట్టి బొమ్మ గీశారు. అప్పటిదాకా ఒంట్లో చెడు రసాలు ఊరడం వల్ల వస్తుందని నమ్మేవారు. ఆ తర్వాత కూడా నూటయాభై ఏళ్ళు చాలామంది డాక్టర్లు నమ్మలేదనుకోండి, అది వేరే కథ. నేనైతే బోర్డు మీద ఆ పురుగు బొమ్మ పెద్దగా గీసి, ఎనిమిది కాళ్ళు లెక్కపెట్టించేవాణ్ణి. ఎనిమిది కాళ్ళంటే ఇది కీటకం కాదు, సాలీడు చుట్టం అని పిల్లలే చెబుతారు. పురుగుని చూశాక పక్కవాణ్ణి వెక్కిరించడం తగ్గుతుంది, చూపు పురుగు మీదకి పోతుంది.


పీజీ_డెర్మా_గుంటూరు
మంగళవారం, రాత్రి 9:02

మాస్టారూ, మీ గంధకం మూఢనమ్మకం కాదు. 5 నుంచి 10 శాతం గంధకం కలిపిన ఆయింట్‌మెంట్ ఇప్పటికీ పసిపిల్లలకి, గర్భిణులకి రాస్తుంటాం. ఇంట్లో నూరి కలపకూడదు, పాళ్ళు తప్పితే చర్మం కాలుతుంది. వేపాకు, పసుపు స్నానంలో వేసుకుంటే అభ్యంతరం లేదు, కానీ అదే వైద్యం అనుకుని వారం గడిపేస్తే ఇల్లంతా పాకుతుంది.

ఎక్కువగా ఇచ్చేది పెర్మెత్రిన్ 5 శాతం క్రీము. మెడ నుంచి అరికాలి దాకా, ఒక్క చోటు వదలకుండా రాయాలి. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, బొడ్డు, పిరుదులు, అరికాళ్ళు. పొక్కులున్న చోట చుక్క పెట్టుకుని పడుకుంటే లాభం లేదు. రాత్రి రాసి 8 నుంచి 14 గంటలు ఉంచి పొద్దున స్నానం. మధ్యలో చేతులు కడుక్కుంటే చేతులకి మళ్ళీ రాయాలి. వారం తర్వాత రెండోసారి. మాత్రలూ ఉన్నాయి, ఐవర్‌మెక్టిన్, 15 కిలోల లోపు పిల్లలకీ గర్భిణులకీ మామూలుగా ఇవ్వం. ఏది ఎవరికి అన్నది చూసిన డాక్టరే రాయాలి, ఇది చదివి షాపుకి వెళ్ళకండి.


మందులషాపు_బ్రోడీపేట
మంగళవారం, రాత్రి 10:17

షాపుకి వెళ్ళకండి అన్నారు కదా, షాపు నుంచే మాట్లాడుతున్నా :)

రోజుకి నలుగురైనా వస్తారు, "అన్నా, దురదకి ఏదైనా ట్యూబ్ ఇవ్వు" అంటూ. పేరు కూడా చెబుతారు, ముందోసారి ఎవరో వాడితే తగ్గిందట. ఆ ట్యూబుల్లో సగం స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపినవి. రాసిన రెండు రోజుల్లో ఎరుపు పోతుంది, దురద పోతుంది, మహత్తరమైన మందు అనుకుంటారు. మానగానే తామర రెట్టింపై వస్తుంది. అంచులు చెదిరిపోయి, చూసిన డాక్టరుకి కూడా తామరో కాదో తెలియని ఆకారంలో. తొడల సందుల్లో అయితే చర్మం పల్చబడి చారలు పడతాయి, ఆ చారలు ఇక పోవు. ఈ స్టెరాయిడ్ క్రీముల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో నిబంధన గట్టి చేశారు. నేను అడిగితే పక్క వీధిలోకి పోతారు. మా వ్యాపారం గురించి నేనే ఇలా రాయడం బాగోలేదు గానీ, టీచర్ గారు తొమ్మిదో తరగతి మగపిల్లలకి ఈ ఒక్క ముక్క తప్పకుండా చెప్పాలి. ఆ వయసులో సిగ్గుపడి ఇంట్లో చెప్పరు, నేరుగా మా దగ్గరికే వస్తారు. బెజవాడ ఎండ, చెమట, బిగుతు జీన్సు, ఇక తామరకి కొదవేముంది.


సింగ్‌నగర్_అమ్మ
బుధవారం, ఉదయం 10:40

2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు మా ఇంట్లో నడుం లోతు నీళ్ళు. అవి తీసేసరికి రోజులు పట్టింది. ఆ నీళ్ళలోనే తిరిగాం, ఇంకేం చేస్తాం. ఇంట్లో అందరికీ కాలివేళ్ళు పాసిపోయాయి, మా వారికి తొడల్లో తామర. పొడి తువ్వాలు ఒకటే మిగిలితే నలుగురం దాంతోనే తుడుచుకున్నాం. అప్పుడు శుభ్రత అని ఎవరైనా క్లాసు చెప్పి ఉంటే కొట్టేదాన్నేమో.

ఇప్పుడు మా పాప ఏడో తరగతి, పక్క పాపకి గజ్జి వచ్చిందని వాళ్ళ టీచరు చెప్పింది. నేను పాపని ఎన్ని రోజులు మానిపించాలి? వేరే బెంచీ అడగనా?


పీజీ_డెర్మా_గుంటూరు
బుధవారం, మధ్యాహ్నం 1:55

అమ్మా, మీ పాపకి ఏమీ లేకపోతే ఒక్క రోజు కూడా మానిపించక్కర్లేదు. గజ్జి ఉన్న పాపయినా ఒళ్ళంతా మందు రాసుకుని పొద్దున కడుక్కుందంటే ఆ రోజే బడికి రావచ్చు. చీము పొక్కులకి మందు మొదలుపెట్టి 24 గంటలు. తామరకి మందు మొదలైతే చాలు. ఆటలమ్మ పోసిన పిల్లల్ని మాత్రం పొక్కులన్నీ పక్కు కట్టేదాకా ఇంట్లోనే ఉంచాలి, అది దగ్గు తుమ్ముల నుంచి కూడా అంటుతుంది.

బెంచీ మార్చమని అడగకండి. పక్కన కూర్చుని పాఠం వింటే గజ్జి అంటదు. చర్మానికి చర్మం పది పదిహేను నిమిషాలు తగులుతూ ఉండాలి. కలిసి పడుకునేవాళ్ళు, చంటిపిల్లల్ని ఎత్తుకునేవాళ్ళు, గంటల తరబడి చేతులు పట్టుకుని కూర్చునే స్నేహితురాళ్ళు, వీళ్ళకే.


మోడరేటర్
బుధవారం, సాయంత్రం 4:30

ఒక సభ్యుడు తన మేనల్లుడి చేతి ఫొటో, స్కూలు బ్యాడ్జితో సహా పెట్టి 'ఇది గజ్జేనా?' అని అడిగారు. ఆ పోస్టు తీసేశాం. పిల్లల ఫొటోలు వద్దు. వేదిక మీద జబ్బు నిర్ధారణ కూడా వద్దు.


వార్డెనమ్మ
బుధవారం, రాత్రి 8:48

గుంటూరు వైపు ఆడపిల్లల హాస్టల్ చూస్తాను. కాలువగట్టు బాబు రాసింది చదివి నిద్ర పట్టలేదు. మా హాస్టల్లో రెండేళ్ళ కిందట వచ్చింది, మొదటిసారి నేనూ తప్పే చేశాను. తొమ్మిది మందికి రాయించి ఊరుకున్నా. సంక్రాంతికి ఇళ్ళకి వెళ్ళి వచ్చారు, మళ్ళీ మొదలు.

రెండోసారి ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మతో మాట్లాడి శనివారం రాత్రి పెట్టుకున్నాం. ఎనభై రెండు మంది పిల్లలు, వంట మనుషులు ఇద్దరు, వాచ్‌మన్ భార్య, నేను. అందరం. దురద ఉన్నా లేకపోయినా. వంటావిడ "నాకేం రోగం?" అని గొడవ. ముందు నా చేతులకి రాసుకుని చూపించాక ఒప్పుకుంది. పెద్దపిల్లలు చిన్నపిల్లలకి వీపు మీద రాశారు, ఒకటే నవ్వులు. పొద్దున అందరికీ స్నానం అయ్యాక ముందు మూడు రోజుల్లో వాడిన బట్టలు, దుప్పట్లు కుప్ప పోశాం.

ఉతకడమే కష్టం. పెద్ద అండా పెట్టి, చేయి పెట్టలేనంత వేడినీళ్ళలో నానబెట్టాం, కట్టెలు చాల్లేదు. సగం అయ్యాక ఇక లాభం లేదని మిగతావి ప్లాస్టిక్ సంచుల్లో మూతి బిగించి కట్టి స్టోర్ రూంలో పడేశాం. ఒంటి నుంచి విడిపోతే ఆ పురుగు రెండు మూడు రోజుల్లో చస్తుందట, మేము వారం ఉంచాం. టీచరమ్మా, ఉతకలేని బ్యాగులకి, చెప్పులకి, రగ్గులకి ఇదొక్కటే మార్గం.

ఇంకోటి. మందు రాశాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది. ఎవరూ ముందు చెప్పక, మా పిల్లలు కొందరు మిగిలిన క్రీము రోజూ పూసుకుని చర్మం మండించుకున్నారు. అది ముందే చెప్పండి.


రిటైర్డ్_పంతులు
బుధవారం, రాత్రి 9:33

వార్డెనమ్మ గారికి నమస్కారం. మీరు ముందు రాసుకుని చూపించడం ఉంది చూశారూ, సగం వైద్యం అదే.

బట్టల మాటకొస్తే ఒక సంగతి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులోని షెఫీల్డులో మెల్లన్‌బీ అనే శాస్త్రవేత్త దీని మీద పరిశోధన చేశాడు. యుద్ధంలో చేరమని నిరాకరించిన యువకులు కొందరు వాలంటీర్లుగా వచ్చారు. గజ్జి రోగులు విడిచిన లోదుస్తులు తొడుక్కున్నారు, వాళ్ళు లేచిన పక్కలమీదే పడుకున్నారు. అలా అంటింది చాలా కొద్దిమందికే. రోగితో కలిసి పడుకున్నప్పుడు మాత్రం అంటింది. ఒక మనిషి ఒంటి మీద సగటున పదకొండు పురుగులే ఉంటాయని కూడా ఆయనే లెక్క తేల్చాడు. వేలకి వేలు ఉంటాయనుకుంటాం మనం! కాబట్టి కట్టెలు తక్కువైతే దిగులు పడకండి. అందరికీ ఒకే రాత్రి మందు పడటం ముఖ్యం, బట్టలు దాని తర్వాత.


బెజవాడ_బయాలజీ
గురువారం, రాత్రి 9:50

అందరికీ చాలా థాంక్స్. క్లాసు ప్లాన్ ఇలా అనుకున్నా. ఒక పిల్లాడి చేతికి ముగ్గుపిండి రాసి అందరితో షేక్‌హ్యాండ్ ఇప్పిస్తా. చివరికి ఎంతమంది చేతులు తెల్లబడ్డాయో చూపిస్తా. అంటువ్యాధి ఎలా పాకుతుందో కళ్ళకు కడుతుంది కదా?


పీజీ_డెర్మా_గుంటూరు
గురువారం, రాత్రి 10:21

మేడమ్, ప్రదర్శన బాగుంది, కానీ అది గజ్జికి కాదు. కళ్ళకలకకి, జలుబుకి, చీము పొక్కులకి సరిపోతుంది. దాన్ని గజ్జి అని చూపిస్తే రేపటి నుంచి ఆ ఆరుగురితో ఎవరూ చేయి కలపరు.

ఇలా చేస్తే? ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని 12వ ఎక్కం నుంచి 20వ ఎక్కం దాకా చదవాలి. చెమట పట్టి, విసుగొచ్చి, ఎప్పుడు వదిలేద్దామా అనిపించాలి. 'గజ్జి పురుగుకి ఇంత టైము కావాలి, అది పరుగెత్తదు, ఎగరదు, దూకదు' అని చెప్పండి. ముగ్గుపిండి ఆట ఇంకో వారం కళ్ళకలక పాఠానికి దాచుకోండి.


బెజవాడ_బయాలజీ
శుక్రవారం, రాత్రి 8:15

చెప్పేశాను. కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.

ముందు ఆ అబ్బాయి సంగతి. బుధవారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఒకటే గది, ఆరుగురు. వాళ్ళ నాన్నమ్మకి వేళ్ళ సందుల్లో ఎప్పటి నుంచో ఉందట, వంట చేసేటప్పుడు వేడికి అనుకుందట. అబ్బాయి రాత్రిళ్ళు ఆవిడ పక్కనే పడుకుంటాడు. నన్ను చూడగానే చేతులు వెనక్కి పెట్టేశాడు. కాలువగట్టు గారు రాసిన జేబులు గుర్తొచ్చాయి. గురువారం ఆ ఇంట్లో ఆరుగుర్నీ హెల్త్ సెంటర్‌కి తీసుకెళ్ళాం. ఒక్కొక్కరికీ మందు ఇచ్చారు, రాత్రే రాసుకున్నారు. ఇవాళ బడికి వచ్చాడు.

క్లాసులో చార్టు తగిలించలేదు. బోర్డు మీద పురుగు గీశాను, నా బొమ్మ చూసి పీత అన్నారు. కాళ్ళు లెక్కపెట్టాం. తర్వాత ఎక్కాలు. 17వ ఎక్కం దగ్గరే సగంమంది చేతులు వదిలేశారు, చెమట అని కొందరు, 17 రాదని కొందరు! ఇంత కష్టపడితే గానీ అంటని దానికి పక్కవాణ్ణి చూసి ఎందుకు దూరం జరుగుతున్నార్రా అని అడిగితే ఎవరూ మాట్లాడలేదు.

పేర్లు రాయకుండా చీటీల మీద ప్రశ్నలు రాయమన్నాను. నలభై ఒక్క చీటీలు వచ్చాయి. కొన్ని ఇక్కడ పెడుతున్నా.

"కుక్కని ముట్టుకుంటే గజ్జి వస్తుందా?" దీనికి నిన్న డాక్టర్ గారిని మెసేజీలో అడిగి ఉంచుకున్నాను కాబట్టి బతికిపోయా. కుక్కల గజ్జి పురుగు వేరే రకం. మన ఒంటి మీదకి వచ్చినా కొన్నాళ్ళు దురద పెట్టి పోతుంది, కాపురం పెట్టదు. అంటే 'గజ్జి కుక్క' అని తిట్టేవాడికి సైన్సు రాదన్నమాట అన్నాను. ఎవరు తిట్టారో నేను చూడలేదు, వెనక బెంచీలో ఒకడి చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"బొల్లి అంటుతుందా సార్?" అని ఒక చీటీ (నేను మేడమ్‌ని, పాపం టెన్షన్‌లో రాసినట్టున్నాడు). మా క్లాసులో ఒకబ్బాయికి పెదవి మీద, చేతుల మీద బొల్లి మచ్చలున్నాయి. అంటదు, సోరియాసిస్ కూడా అంటదు, ముట్టుకున్నా కలిసి తిన్నా రాదు అని రెండుసార్లు చెప్పాను. స్పర్శ తెలియని మచ్చ ఉంటే మాత్రం దాచకుండా చూపించాలని, కుష్టుకి మందు ఉచితంగా ఇస్తారని, వాడితే పూర్తిగా నయమవుతుందని కూడా.

"పేలు ఉంటే జుట్టు కత్తిరించాలా?" అక్కర్లేదమ్మా, తలకి తల ఆనించి ఫోను చూడటం తగ్గించండి, పేల దువ్వెన వాడండి అన్నాను. నలుగురైదుగురు అమ్మాయిలు ఒక్కసారిగా సర్దుకుని కూర్చున్నారు.

ఒక చీటీ మీద ప్రశ్న లేదు. "నాకు తొడల్లో ఉంది. ఎవరికి చెప్పాలి" అని ఉంది. మందుల షాపు అన్నయ్య గుర్తొచ్చారు. ఆ చీటీ పైకి చదవలేదు. చెప్పుకోవాలనుకునే వాళ్ళ కోసం సోమవారం మా పీఈటీ సారు లంచ్‌లో గ్రౌండ్‌లోనే ఉంటారు అని మాత్రం ప్రకటించాను. స్కూళ్ళకి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం) బృందం చూడాల్సిన వాటిలో గజ్జి, తామర కూడా ఉన్నాయి, వాళ్ళకీ కబురు పెట్టాం.

రెండు పూటలా స్నానం చేసే అమ్మాయి క్లాసయ్యాక వచ్చి, "అయితే నా తప్పేం లేదన్నమాట" అంది. "లేదు, కానీ గోళ్ళు చూపించు" అన్నాను. పొడుగ్గానే ఉన్నాయి.

ఇక అసలు తలనొప్పి. పిల్లలున్న హాస్టల్ వార్డెన్ గారు మొదట కుదరదన్నారు, తర్వాత డాక్టరు ఫోను చేస్తే ఒప్పుకున్నారు. రేపు శనివారం రాత్రి అరవై నాలుగు మందికి. మందు ఏర్పాటైంది. అల్పపీడనం, వాన అంటున్నారు, అంత బట్ట ఎండే దారి లేదు. వార్డెనమ్మ గారు చెప్పిన సంచులే గతి. చిన్న కవర్లు తప్ప మా దగ్గర ఏం లేవు.


వన్‌టౌన్_కుర్రాడు
శుక్రవారం, రాత్రి 8:41

మేడమ్, మాది వన్‌టౌన్‌లో కవర్ల హోల్‌సేల్ షాపు. ఎన్ని కావాలి, ఏ సైజు?


వార్డెనమ్మ
శుక్రవారం, రాత్రి 8:52

బాబూ, మనిషికి రెండు. దుప్పటికి ఒకటి, బట్టలకి ఒకటి. మందంగా ఉండాలి, పల్చనివి ముడి వేస్తే చిరుగుతాయి. నల్లవి వద్దు, లోపల ఎవరివో కనపడవు, చెత్త అనుకుని పారేస్తారు. మా దగ్గర రెండు మూటలు అలాగే పోయాయి.


వన్‌టౌన్_కుర్రాడు
శుక్రవారం, రాత్రి 9:03

తెల్లవి ఉన్నాయి, బియ్యం బస్తా అంత. నూట ముప్పై తెస్తా, రెండు ఎక్స్‌ట్రా. డబ్బులేం వద్దు. పేర్లు రాయడానికి మార్కర్లు మీరు చూసుకోండి, అవి మా షాపులో ఉండవు. ఎన్నింటికి రమ్మంటారు?


బెజవాడ_బయాలజీ
శుక్రవారం, రాత్రి 9:06

నాలుగింటికి. అడ్రసు మెసేజీ పెడుతున్నా. వచ్చే శనివారం రెండో డోసు, ఆ రోజు కూడా సంచులు కావాలేమో, డాక్టర్ గారూ?


పీజీ_డెర్మా_గుంటూరు
శుక్రవారం, రాత్రి 11:30

అవే సంచులు చాలు. రేపు కట్టినవి వచ్చే శనివారం రాత్రి మందు రాసుకున్నాక విప్పండి, అంతకు ముందు ఎవరు అడిగినా ఇవ్వొద్దు. ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, ఫేవరెట్ షర్టు అందులో ఉండిపోయిందని.